అది లూగర్ కాదు, హస్క్‌వర్నా ఎం/40

సంపాదకులకు నమస్కారం.

యుద్ధకాలపు పాత ఆయుధాల వేలాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయాన్ని తీసుకున్నందుకు సంతోషం. కానీ అందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. అవి అలాగే ఉండిపోతే పాఠకులు, ముఖ్యంగా అమెరికాలో ఉండి లైసెన్సుతో ఇలాంటివి కొనే మనవాళ్లు నష్టపోతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదటిది ఫొటో కింద వేసిన పేరు. ‘జర్మన్ లూగర్’ అని వేశారు. ఫొటోలో ఉన్నది స్వీడన్‌లో తయారైన హస్క్‌వర్నా ఎం/40 పిస్టల్. వాలుగా ఉన్న పిడి, ముందుకు పొడుచుకొచ్చిన సన్నని గొట్టం చూస్తే ఎవరికైనా లూగరే అనిపిస్తుంది. తేడా తెలియాలంటే పైభాగం చూడాలి. లూగర్ నెత్తిన పైకి మడిచే కీలు ఉంటుంది, దానికి అటూఇటూ గుండ్రటి బొడిపెలు ఉంటాయి. ఎం/40కి కీలు లేదు. పైభాగం పలకలు తీరిన పెట్టెలా తిన్నగా ఉంటుంది. వెనక చివర బోల్ట్ (తూటా వెనక ముందుకూ వెనక్కీ కదిలే ముక్క) రెండు చెవుల్లా బయటికి వస్తుంది, వేళ్లతో పట్టి లాగేది అక్కడే. సుత్తి లోపల దాగి ఉంటుంది, బయటికి కనబడదు. ఫ్రేము, అంటే పిడీ ట్రిగ్గరూ ఉండే కింది భాగం, ఎడమ పక్క వెనకవైపు సేఫ్టీ మీట ఉంటుంది. మీ ఫొటోలో ఇవన్నీ స్పష్టంగా ఉన్నాయి.

రెండోది ఇంతకంటే పెద్దది. ‘మెరుపు ఎంత ఉంటే ధర అంత’ అని వ్యాసంలో రాశారు. వేరే పిస్టళ్ల సంగతి ఎలా ఉన్నా ఎం/40 విషయంలో ఈ మాట నమ్మి డబ్బు పెట్టకూడదు. దీనికి ముందు చూడాల్సింది పగుళ్లు. తర్వాత లోపలి భాగాలు, ఆ తర్వాత అంకెలు, ముద్రలు. మెరుపు వీటన్నిటి తర్వాతే. ఎందుకో తెలియాలంటే ఈ పిస్టల్ ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి.

స్వీడన్ 1939లో తన సైన్యానికి జర్మనీ వాల్తర్ పిస్టల్‌ను ఎంచుకుని ఎం/39 అని పేరు పెట్టింది. యుద్ధం మొదలయ్యాక జర్మనీకి తన అవసరాలే ఎక్కువై సరఫరా ఆగిపోయింది. అప్పుడు స్వీడన్ పక్కదేశం ఫిన్లాండ్ వైపు చూసింది. అక్కడ ఐమో లాహ్తి రూపొందించిన ఎల్-35 పిస్టల్ అప్పటికే సైన్యంలో ఉంది. సుయోమి సబ్‌మెషిన్‌గన్ కూడా ఆయన రూపొందించినదే. స్వీడన్ ఆ పిస్టల్‌కు లైసెన్సు తీసుకుంది. మొదట తయారీ బాధ్యత తీసుకున్న కంపెనీ దివాలా తీయడంతో పని హస్క్‌వర్నాకు వచ్చింది. ఇవాళ మన రోడ్ల మీద మోటారు సైకిళ్ల మీద కనబడే పేరు ఇదే. ఆ కంపెనీకి మూలమైన ఆయుధ కర్మాగారం 1689లోనే మొదలైంది. 1946 వరకు అక్కడ సుమారు 84 వేల ఎం/40లు తయారయ్యాయి. ఫిన్లాండ్‌లో తయారైన అసలు ఎల్-35లు మొత్తం కలిపినా సుమారు 9 వేలే. అందుకే రెండూ ఒకేలా కనిపించినా వేలంలో ఫిన్లాండ్‌ది సాధారణంగా పైనే ఉంటుంది.

ఈ రెంటినీ కలిపేసి అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి తేడాలు గుర్తుపెట్టుకోవాలి. ఫిన్లాండ్ ఎల్-35 పైభాగంలో, గదిలో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) తూటా ఉందని తెలిపే చిన్న సూచిక ఉంటుంది. ఎం/40కి అది లేదు. ఎం/40 ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ మందంగా ఉంటుంది. ఎడమ పక్క హస్క్‌వర్నా వాపెన్‌ఫాబ్రిక్స్ అక్తీబొలాగ్ అని కంపెనీ పేరు చెక్కి ఉంటుంది. ఫిన్లాండ్ సైన్యానికి చెందిన దాని మీద చదరపు గడిలో ఎస్‌ఏ ముద్ర ఉంటుంది. ఎం/40 వరుస సంఖ్య ముందు డి అక్షరం ఉంటే అది సాధారణంగా స్వీడన్ సైన్యానికి తయారైనది. ఈ గుర్తులు ఒకదానితో ఒకటి కలవకపోతే, అంటే స్వీడన్ పైభాగం మీద ఫిన్లాండ్ ముద్ర లాంటిది కనిపిస్తే, ఇక బేరం ఆడక్కర్లేదు.

ఇక పగుళ్ల సంగతి. యుద్ధకాలంలో మంచి ఉక్కు కరువైంది. ముందు అనుకున్న రకానికి బదులు నాసిరకం ఉక్కు వాడాల్సి వచ్చింది. యుద్ధం తర్వాత స్వీడన్ సైన్యం సబ్‌మెషిన్‌గన్ కోసం ఎం/39బి అనే గట్టి 9 మి.మీ. తూటా తెచ్చింది. దాని ఒత్తిడి మామూలు తూటా కంటే ఎక్కువ. అదే తూటాను ఈ పిస్టల్‌లోనూ పేల్చారు. ఏళ్ల తరబడి అలా వాడిన వాటిలో పగుళ్లు బయటపడ్డాయి. 1980లలో సైన్యం ఎం/40ని పక్కన పెట్టి, అటక మీదున్న పాత వాల్తర్లను మళ్లీ దించి, చివరికి గ్లాక్ పిస్టల్‌కు మారింది. ఈ రోజు మార్కెట్‌లో తిరుగుతున్న ఎం/40లు ఆ చరిత్ర మోసుకొచ్చినవే. పైకి అద్దంలా మెరిసే పిస్టల్ లోపల నెర్రె ఉండొచ్చు. గీతలు పడి వెలిసిపోయిన పిస్టల్‌లో ఉక్కు చెక్కుచెదరకుండా ఉండొచ్చు.

చూడటానికి విప్పాలి. ముందు మ్యాగజైన్, అంటే పిడిలో తూటాలు నింపే డబ్బా, తీసేయాలి. బోల్ట్ వెనక్కి లాగి, గదిలో తూటా లేదని కళ్లతో చూసి, చిటికెన వేలితో తడిమి చూడాలి. ‘ఖాళీయే’ అని అమ్మేవాళ్లు చెప్పినా ఈ పని మానకూడదు. తర్వాత గొట్టాన్ని కాస్త వెనక్కి నొక్కిపట్టి, ఫ్రేము ముందు భాగంలో ఎడమ పక్క ఉన్న మీటను తిప్పితే పైభాగం మొత్తం ముందుకు జారి ఊడి వస్తుంది. ఆపైన బోల్ట్‌నూ, పేలేటప్పుడు దాన్ని గొట్టానికి బిగించి ఉంచే లాకు ముక్కనూ వేరు చేయాలి. స్ప్రింగు బలంగా ఉంటుంది కాబట్టి కింద గుడ్డ పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని చేయడం మంచిది. ఎక్కడైనా బిగుసుకుంటే సుత్తితో కొట్టవద్దు. అసలు విప్పే పని యజమాని చేతే చేయించి పక్కన నిలబడి చూడటం ఉత్తమం. విప్పడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఎంత తక్కువ ధరకైనా కొనకండి.

విప్పాక పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, చిన్న టార్చి చాలు. ఉక్కు ఎక్కడ పలచబడి మూల తిరుగుతుందో అక్కడే ఒత్తిడి పోగవుతుంది. కాబట్టి పేలిన తూటా ఖాళీ కేసు బయటికి వచ్చే కిటికీ నాలుగు మూలలు, పైభాగం వెనక లాకు ముక్క పైకీ కిందికీ ఆడే గాడులు, గొట్టం బిగించిన మెడ, ఫ్రేములో పట్టాల ముందు చివరలు, విప్పే మీట తిరిగే రంధ్రం చుట్టూ చూడాలి. యుద్ధకాలపు పనితనంలో మిషను గీతలు ఎలాగూ ఉంటాయి, వాటిని చూసి భయపడక్కర్లేదు. మిషను గీతలు తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి సమంగా ఉంటాయి. పగులు మూలలో మొదలై వంకరగా పోతుంది. పైన నూనె తుడిచి కాసేపు ఆగితే పగులులోంచి నూనె మళ్లీ సన్నగా ఊరుతుంది.

అనుమానం తీరకపోతే మన వర్క్‌షాపుల్లో ఎప్పటినుంచో చేసే కిరోసిన్-సుద్ద పరీక్ష ఇక్కడా పనికొస్తుంది. ఆ భాగాన్ని శుభ్రంగా తుడిచి, కిరోసిన్ పట్టించి, కాసేపు నాననిచ్చి పొడిగా తుడవాలి. పైన సుద్దపొడి పలచగా చల్లితే పగులు ఉన్నచోట తడి గీత లేస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే వెల్డింగు తనిఖీలో వాడే ఎర్రరంగు స్ప్రే ఉంది. జిడ్డు పూర్తిగా పోగొట్టి, రంగు కొట్టి, పది ఇరవై నిమిషాలు ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులు ఉంటే తెలుపు మీద ఎర్రగీత తేలుతుంది. ఈ ద్రావకాలు తగలకముందే పిడి పలకలు ఊడదీయాలి. అవి పాత ప్లాస్టిక్‌వి, అసిటోన్ లాంటిది తగిలితే పాడవుతాయి. ఆ పలకలు మరలు ఉన్న చోట చిట్లడం కూడా మామూలే, కాబట్టి మర మరీ బిగించకూడదు.

పగులు ఉంటే పిస్టల్ పనికిరానిదని కాదు. గోడకు పెట్టె కట్టి పెట్టుకునే వస్తువుగా, విడి భాగాల కోసం దానికి ధర ఉంది. కానీ పేల్చడానికి వీల్లేదు, వెల్డింగు పెట్టించి పేల్చడం అంతకంటే ప్రమాదం. పగులు లేని దాన్ని కూడా గట్టి సైనిక తూటాలతో పేల్చవద్దనే నేను చెబుతాను. సేకరణ వస్తువుగా కొన్నవాళ్లు పేల్చకపోతేనే దాని విలువ నిలుస్తుంది.

విప్పినప్పుడే చూడాల్సిన మరో భాగం ఉంది. గొట్టం వెనక్కి కదిలినప్పుడు బోల్ట్‌ను ఇంకాస్త వేగంగా వెనక్కి విసిరే చిన్న మీట ఇది. సాధారణంగా మెషిన్‌గన్లలో కనబడే ఏర్పాటు. ఫిన్లాండ్ చలిలో నూనె గడ్డకట్టినా పిస్టల్ ఆగకుండా పనిచేయాలని లాహ్తి దీన్ని పెట్టారు. తెలియనివాళ్లు విప్పి బిగించేటప్పుడు ఇలాంటి చిన్న ముక్కలు పోతుంటాయి. అది ఉందా, కొన విరగకుండా ఉందా, స్వేచ్ఛగా ఆడుతోందా చూడాలి. లాకు ముక్క గాడిలో నిటారుగా ఆడాలి, పక్కలకు ఊగకూడదు. గొట్టం లోపల వెలుతురు పెట్టి చూస్తే మెలికల అంచులు పదునుగా కనబడాలి. నల్లటి గుంటలు ఉంటే పాత తూటాల ఉప్పు కడగకుండా వదిలేశారని అర్థం.

అంకెల విషయంలో ఒకటే నియమం. ఫ్రేము మీద, పైభాగం మీద, లోపల ముక్కల మీద ఎక్కడెక్కడ వరుస సంఖ్య గానీ, దాని చివరి అంకెలు గానీ ఉన్నాయో అన్నీ ఒకటే కావాలి. సైనిక గిడ్డంగిలో మరమ్మతు చేసేటప్పుడు భాగాలు మారడం సహజమే. అది మోసం కాదు గానీ ధర మాత్రం తగ్గాలి. పైభాగమూ ఫ్రేమూ కలవకపోతే ఎక్కువ తగ్గాలి. పాత అంకెను చెరిపి కొత్తది కొట్టారేమో చూడాలంటే అంకె చుట్టూ ఉక్కు పల్లంగా ఉందేమో వేలితో తడిమితే తెలుస్తుంది.

స్వీడన్ ఆయుధాల మీద రెజిమెంటు ముద్రలు సేకరించేవాళ్లకు ఎక్కువ ఇష్టం. ఐ అక్షరం అంటే పదాతి దళం, కె అశ్విక దళం, ఎ ఫిరంగి దళం, పి ట్యాంకు దళం, ఎఫ్ వైమానిక దళం. పక్కన అంకె రెజిమెంటుది. ఐ 1 అంటే అప్పట్లో స్టాక్‌హోమ్‌లో ఉన్న స్వేయా గార్డ్ రెజిమెంటు. ఎ 6 అంటే అప్పట్లో యోన్‌షోపింగ్‌లో ఉన్న ఫిరంగి రెజిమెంటు, హస్క్‌వర్నా ఊరు దానికి పక్కనే. ఇలాంటి ముద్ర ఉంటే ధర పెరుగుతుంది, అందుకే కొత్తగా కొట్టేవాళ్లూ ఉంటారు. పాత ముద్రలో అక్షరాల అంచులు చుట్టుపక్కల ఉక్కుతో పాటే అరిగి ఉంటాయి, లోపల రంగు కూడా అదే ఉంటుంది. కొత్త ముద్రలో అంచు కొద్దిగా పైకి లేచి, లోపల ఉక్కు తెల్లగా మెరుస్తుంది.

మళ్లీ పూత పూసిన పిస్టల్‌ను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పాలిష్ చేసినప్పుడు పలకల అంచులు గుండ్రబడతాయి. మరల రంధ్రాల చుట్టూ సాసర్‌లా పల్లం పడుతుంది. కంపెనీ పేరులో అక్షరాలు సగం పలచబడతాయి. తుప్పు గుంటల లోపలికి కూడా నల్లపూత వెళ్లి ఉంటుంది. వ్యాసంలో మెచ్చుకున్న ‘కొత్తదానిలా మెరిసేది’ చాలాసార్లు ఇదే. గీతలు, వెలిసిన మచ్చలు ఉన్న అసలు పూతకే తెలిసినవాళ్లు ఎక్కువ ఇస్తారు.

సైన్యం, పోలీసు అనే రెండు మాటల గురించి కూడా జాగ్రత్త. యుద్ధకాలంలో స్వీడన్ తటస్థ దేశం. అందుకని తమ గడ్డ మీద డెన్మార్క్ శరణార్థులకు ఇచ్చిన సైనిక శిక్షణకు పోలీసు దళాల శిక్షణ అని పేరు పెట్టారు. 1945 మే నెలలో అలా తయారైన డెన్మార్క్ బ్రిగేడ్ సుమారు 5 వేల మందితో, ఈ పిస్టళ్లను కూడా వెంట తీసుకుని, డెన్మార్క్‌లోని హెల్సింగోర్ రేవులో దిగి స్వదేశం చేరింది. డెన్మార్క్ వాళ్లు ఈ పిస్టల్‌ను ఎం/40 ఎస్ అని పిలిచారు, చివరి ఎస్ స్వీడన్‌కు గుర్తు. కొన్నేళ్లకు స్విట్జర్లాండ్ సిగ్ పిస్టల్ రావడంతో దీని పని అయిపోయింది. ఇంత కథ ఉంది కాబట్టి ‘పోలీసు పిస్టల్’, ‘బ్రిగేడ్ పిస్టల్’ అని చెప్పి రెట్టింపు అడగడం తేలిక. ఆ మాటకు రుజువుగా డెన్మార్క్ ఆస్తి ముద్రో, ఆ కాలపు కాగితమో చూపించాలి. నోటిమాటకు అదనంగా ఒక్క డాలరు ఇవ్వనక్కర్లేదు.

ఒరను కూడా వదిలేయకండి. స్వీడన్ సైన్యం తోలు ఒరలో రెండు అదనపు మ్యాగజైన్లు, గొట్టం తుడిచే కడ్డీ, మ్యాగజైన్ నింపే పనిముట్టు పెట్టుకునే అరలు ఉంటాయి. పిస్టల్‌లో ఉన్న దానితో కలిపి మూడు మ్యాగజైన్లు, ఒక్కోదానికి ఎనిమిది తూటాలు. మ్యాగజైన్ పెదవులు వంగి ఉంటే తూటా సరిగా ఎక్కదు, పిస్టల్‌దే లోపమని పొరబడతారు. పిడి వెనక భుజానికి ఆనించే కర్రను తగిలించే గాడి ఉంటుంది. దాన్ని చూపి కర్రతో సహా అమ్మజూపితే అనుమానించాలి. అసలు కర్రలు చాలా అరుదు, అమెరికాలో తర్వాతి కాలపు కర్ర తగిలించిన పిస్టల్ 1934 నాటి జాతీయ ఆయుధాల చట్టం కిందికి వచ్చి కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. తోలు ఒర ఎంత అందంగా ఉన్నా పిస్టల్‌ను అందులో పెట్టి దాచకూడదు. తోలు చెమ్మ పీల్చుకుంటుంది, అందులోని ఉప్పులు, ఆమ్లాలు నెలల్లోనే ఉక్కు మీద తుప్పు మచ్చలు తెస్తాయి. ఒర విడిగా, పిస్టల్ పలచగా నూనె రాసి విడిగా ఉంచాలి.

అమెరికాలో ఉన్న వాటిలో కొన్నిటి మీద దిగుమతి చేసిన సంస్థ పేరు, ఊరు చెక్కి ఉంటాయి. 1968 ఆయుధ నియంత్రణ చట్టం తర్వాత అది తప్పనిసరి. ఆ ముద్ర లేకుండా అంతకుముందే వచ్చిన పిస్టల్‌కు సేకరించేవాళ్లు ఎక్కువ ఇస్తారు, కాబట్టి ముద్రను రుద్దేసి దాచే ప్రయత్నాలు కూడా ఉంటాయి. ఇదే కంపెనీది పాత ఎం/07 అని మరో పిస్టల్ ఉంది. బ్రౌనింగ్ నమూనా, 9 మి.మీ. బ్రౌనింగ్ లాంగ్ అనే వేరే తూటా. అమెరికాలో చాలావాటి గొట్టాలను పాయింట్ 380 తూటాకు మార్చేశారు, అలా మార్చిన వాటి విలువ తగ్గుతుంది. ‘హస్క్‌వర్నా 9 మి.మీ.’ అన్న మాట చూసి తొందరపడితే ఎం/40 అనుకుని ఇది కొనేస్తారు.

చివరగా, ఇక్కడి పాఠకులకు. ఎం/40లో వాడేది 9×19 మి.మీ. తూటా. మన దేశంలో అది పౌరులకు నిషిద్ధ బోర్ (గొట్టం కొలతను బట్టి నిషేధించిన రకం). 1959 ఆయుధాల చట్టం ప్రకారం అలాంటి వాటి లైసెన్సు జిల్లా కలెక్టరో పోలీసు కమిషనరో ఇచ్చేది కాదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి. చట్టం పూర్తి ఆయుధానికే కాదు, విడి భాగాలకూ వర్తిస్తుంది. కాబట్టి అమెరికాలో కొడుకో అన్నయ్యో కొన్న పిస్టల్‌నే కాదు, జ్ఞాపకంగా ఒక మ్యాగజైనూ బోల్టూ అయినా సరే సామానులో వేసుకుని శంషాబాద్‌లో దిగవద్దు. ఆ సేకరణ వారసులకు వస్తే అక్కడే లైసెన్సు ఉన్న డీలరుకు అప్పగించి అమ్మించడమే దారి. అమ్మేటప్పుడు పిస్టల్, ఒర, మూడు మ్యాగజైన్లు, కడ్డీ, పాత రసీదు ఏదైనా ఉంటే అది, అన్నీ కలిపి ఒకే లాటుగా పెట్టమని చెప్పండి. విడివిడిగా అమ్మితే ఒర ఒకరి ఇంటికి, కడ్డీ మరొకరి ఇంటికి పోతాయి, మళ్లీ ఆ సెట్టు కుదరదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం